ఒక్క తాళంతో ఇచ్చే సెకండ్ హ్యాండ్ కారు: కొనాలా, ఆగాలా, ధర తగ్గించమనాలా?

మాది విశాఖపట్నం. మా నాన్నగారు రిటైరయ్యాక కూర్మన్నపాలెం నుంచి ఊళ్ళోకి బస్సులో తిరగడం కష్టమవుతోందని, గాజువాకలో ఒక కార్ కన్సల్టెన్సీలో ఆరేళ్ళ పాత హ్యాచ్‌బ్యాక్ చూశాం. ఇంజిను బాగుంది, టైర్లు బాగున్నాయి, రంగు నాన్నకి నచ్చింది. తాళం మాత్రం ఒక్కటే చేతిలో పెట్టారు. రెండోది ఏదని అడిగితే "ఓనర్ దగ్గర ఉండిపోయింది సార్, వారంలో వచ్చేస్తాది" అన్నాడు డీలర్. ఆ మాట మీద మొత్తం డబ్బు కట్టేశాను. వారం కాస్తా నెలయింది, నెల మూడు నెలలయింది. మొదట్లో ఫోన్ ఎత్తి "రేపు" అనేవాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు.

నాలుగో నెలలో ఒక ఆదివారం పూర్ణా మార్కెట్‌లో కూరలు కొని బండి దగ్గరికి వచ్చేసరికి నాన్న జేబులో తాళం లేదు. నడిచిన దారంతా రెండుసార్లు వెతికాం, కొట్టు కొట్టుకీ వెళ్ళి అడిగాం. దొరకలేదు. స్టీరింగ్ లాక్ పడి ఉంది కాబట్టి తాడు కట్టి లాక్కెళ్ళడానికి వీల్లేదు, బండిని మొత్తం ఎత్తి మోసుకెళ్ళే టోయింగ్ వాహనం రావాలి. సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డ నాన్న ముఖం నాకింకా గుర్తుంది. చివరికి అయిన ఖర్చంతా కలిపితే, కొన్న రోజే రెండో తాళం చేయించుకుని ఉంటే అయ్యేదానికి మూడింతలు దాటింది.

అప్పటినుంచి మా చుట్టాల్లోగానీ ఆఫీసులోగానీ ఎవరు సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నా నన్ను వెంట తీసుకెళ్తున్నారు. తొమ్మిది పది బేరాల్లో ఈ తాళం సంగతే మాట్లాడటానికి కూర్చున్నాను. అన్నిచోట్లా ఒకే దారి కుదరలేదు. ఎక్కడ ఏ దారి ఎందుకు మేలనిపించిందో రాస్తున్నాను.

ముందు ఆ తాళం ఏ రకమో చూడండి

బేరంలో డీలర్ నోట తప్పకుండా వచ్చే మాట: "తాళమే కదండీ, మూడొందలు పడేస్తే చేసిచ్చేస్తారు." ఇది ఒక రకం బండికే నిజం. పాత మారుతి 800 లాంటి వాటికి ఉత్తి ఇనుప తాళం. ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చునేవాళ్ళు పావుగంటలో కోసి ఇస్తారు, బండి స్టార్టవుతుంది, అంతటితో అయిపోతుంది.

ఆ తర్వాతి బండ్లలో తాళం తల భాగంలో చిన్న చిప్ దాగి ఉంటుంది. తాళం పెట్టి తిప్పగానే ఇగ్నిషన్ చుట్టూ ఉన్న యాంటెనా రింగు ఆ చిప్‌లో ఉన్న కోడ్‌ని చదువుతుంది. ఆ కోడ్ బండి కంప్యూటర్‌లో నమోదై ఉంటేనే ఇంజిను నడుస్తుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి వాళ్ళు ఐక్యాట్స్ అని పేరు పెట్టుకున్నారు. చిప్ లేకుండా కోసిన తాళంతో తలుపు తెరుచుకుంటుంది. ఇంజిను మాత్రం అందుకోదు, అందుకున్నా వెంటనే ఆగిపోతుంది. ఈ చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు, రిమోట్ బటన్లకే కావాలి. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే రిమోట్ నొక్కితే లాక్ పడింది కదా అని తాళం బాగున్నట్టే లెక్కవేస్తారు.

మడత పెట్టే ఫ్లిప్ తాళంలో చిప్పూ రిమోటూ రెండూ ఉంటాయి. ఇక బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండ్లకి వచ్చేది స్మార్ట్ కీ. జేబులో ఉంటే చాలు, బండే దాన్ని గుర్తుపడుతుంది. ఖర్చులో పెద్ద తేడా ఇక్కడే వస్తుంది. మామూలు చిప్ తాళం కొన్ని వేలల్లో తేలిపోతుంది. స్మార్ట్ కీ అయితే మోడల్‌ని బట్టి పది వేలు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అంచనాలు పక్కన పెట్టి, ఆ మోడల్, ఆ సంవత్సరం చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ధర అడగండి. బేరానికి వెళ్ళే ముందే ఆ అంకె మీ దగ్గర కాగితం మీద ఉండాలి.

అన్ని రకాలకీ వర్తించే సంగతి ఇంకొకటి ఉంది. చేతిలో ఒక తాళం ఉండగా రెండోది చేయించడం తేలిక. ఉన్న ఒక్కటీ పోయాక చేయించడం పూర్తిగా వేరే పని: బండిని వర్క్‌షాపుకి మోయించాలి, సెక్యూరిటీ కోడ్ తెప్పించాలి, కొన్ని మోడళ్ళలో ఇమ్మొబిలైజర్ యూనిట్‌నే మార్చాల్సి వస్తుంది. నాకు మూడింతలు అయింది ఇందుకే.

ఆ రెండో తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

అందరూ తాళం ఖరీదు గురించే అడుగుతారు. నన్నడిగితే అంతకంటే పెద్ద ప్రశ్న అది ఎవరి చేతిలో ఉందన్నది. డీలర్ చెప్పే జవాబుని బట్టి బండి చరిత్ర కొంత తెలుస్తుంది.

మన ఊళ్ళో ఎక్కువగా వినిపించేది బదిలీ కథ. తూర్పు నావికాదళం ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. పోర్టు, స్టీల్ ప్లాంట్, బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు సరేసరి. ఆర్డర్లు రాగానే పది పదిహేను రోజుల్లో కారు అమ్మేసి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. రెండో తాళం ఏ అట్టపెట్టెలోనో సర్దేసి కొచ్చికో ముంబైకో పంపేసుకుంటారు. ఇలాంటి చోట డీలర్ మాట నిజమే అయ్యుండొచ్చు. పాత యజమానికి ఒక్క ఫోన్ చేయిస్తే తేలిపోతుంది. మా బావమరిది కొన్న కారుకి అలాగే జరిగింది. డీలర్ మా ముందే స్పీకర్‌లో మాట్లాడాడు. అవతల ఆయన భార్య "ఉందండీ, పూజ గది డ్రాయర్‌లో పెట్టాను" అంది. ఐదో రోజున కొరియర్‌లో వచ్చింది.

రెండో జవాబు "ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఉందండి." ఇక్కడ జాగ్రత్త. అప్పు ఇచ్చినప్పుడే ఒక తాళం తమ దగ్గర పెట్టుకునే ప్రైవేటు ఫైనాన్షియర్లు ఉన్నారు. అప్పు తీరిపోతే తాళం తిరిగి రావాలి. రాలేదంటే అప్పు తీరిందా అన్నదే మొదటి అనుమానం. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు, ఇంకా కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తుంటే, అప్పు తీరిందని ఆర్టీఓకి తెలిపే ఫారం 35, ఫైనాన్షియర్ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి వచ్చేదాకా తాళం ఊసే అనవసరం, బయానా కూడా ఇవ్వకండి.

వాయిదాలు కట్టక సీజ్ చేసి వేలంలో అమ్మిన బండ్లు కూడా తరచు ఒక్క తాళంతోనే వస్తాయి. పాత యజమాని ఇష్టంగా ఇచ్చిన బండి కాదు కదా, రెండోది ఎందుకిస్తాడు? అలాంటి బండి కొనకూడదని నేననను, ధర నిజంగా తక్కువ ఉంటుంది. కానీ కోపంతో ఉన్న ఒక మనిషి దగ్గర ఆ బండి తాళం ఉందని గుర్తుంచుకుని, కింద చెప్పే లాక్ సెట్ మార్పు ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి. ట్రావెల్స్‌లో తిరిగిన బండ్ల సంగతీ అంతే. ఎంతమంది డ్రైవర్ల చేతులు మారిందో, ఎవరు ఎక్కడ డూప్లికేట్ కోయించుకున్నారో ఎవరికీ తెలియదు.

"పోయిందండి, ఎక్కడో తెలీదు" అన్న జవాబు వినడానికి బాగోకపోయినా నిజాయితీగా ఉంటుంది. దాన్ని పట్టుకుని బేరమాడవచ్చు. నన్ను భయపెట్టే జవాబు వేరు: మొదట ఓనర్ దగ్గర అని, కాసేపటికి గోడౌన్‌లో అని, మళ్ళీ షోరూమ్ కుర్రాడి దగ్గర అని మాట మారడం.

పాత యజమాని ఎవరో తెలియదని డీలర్ అంటే ఒప్పుకోకండి. సెకండ్ హ్యాండ్ వాహనాల డీలర్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త కేంద్ర నిబంధనలు అమల్లోకి వచ్చాయి. గుర్తింపు ఉన్న డీలర్ బండిని చేతిలోకి తీసుకున్నప్పుడు పాత యజమాని ఫారం 29సీ ద్వారా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. అక్కడినుంచి అమ్ముడయ్యేదాకా ఆ బండికి డీలర్‌నే యజమానిగా లెక్కిస్తారు. ఆ కాగితం చూపించమనండి. చూపించగలిగిన డీలర్‌కి పాత యజమాని ఫోన్ నంబరు తెలియకుండా ఉండదు.

తాళం వచ్చేదాకా ఆగడం

అన్నిటికంటే నికరమైన దారి ఇదే: బయానా కొంచెం ఇచ్చి, రెండో తాళం వచ్చాకే మిగతా డబ్బు, డెలివరీ. బదిలీ కథ నమ్మదగ్గదిగా ఉన్నప్పుడు, మీకు బండి రేపే కావాలన్న తొందర లేనప్పుడు ఇంకో దారి వెతకనక్కర్లేదు. డీలర్ "ఏటండీ, తాళం కోసం బండి వదిలేస్తారా, ఇంకో పార్టీ రెడీగా ఉన్నారు" అంటాడు. అననివ్వండి. నేను చూసినవాటిలో ఒకటి రెండుసార్లు నిజంగానే బండి వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఆగిన మిగతాసార్లు తాళం వచ్చింది, లేదా డీలరే సొంత ఖర్చుతో చేయించి ఇచ్చాడు. డబ్బు చేతిలో పడకముందు డీలర్‌కి ఉండే ఓపిక, పడ్డాక ఉండదు. నా సొంత అనుభవం కూడా అదే.

ఆగేటప్పుడు గడువు పెట్టుకోండి. వారం, మహా అయితే పది రోజులు. అంతకు మించి సాగితే ఆ తాళం లేనట్టే లెక్క.

కొంత డబ్బు ఆపి బండి తీసుకోవడం

ఇంట్లో పెళ్ళి, ఆసుపత్రి ప్రయాణాలు లాంటి అవసరాలుంటే ఆగలేం. అప్పుడు బండి తీసుకుని, తాళం ఖరీదుకి తగ్గ డబ్బు మన దగ్గరే ఉంచుకోవడం రెండో దారి. ఆపే మొత్తం సర్వీస్ సెంటర్ చెప్పిన ధర కంటే ఎక్కువ ఉండాలి. ఎనిమిది వేల తాళానికి రెండు వేలు ఆపితే, ఆ రెండు వేలు వదులుకోవడమే డీలర్‌కి లాభం.

ఇది నోటిమాటగా ఉండకూడదు. డెలివరీ నోట్ మీదే, డీలర్ సంతకం, స్టాంపుతో ఇలా రాయించుకోండి: "ఈ నంబరు కారుకి ఈ రోజు ఒక తాళం మాత్రమే ఇచ్చాము. ఇంజిను స్టార్టయ్యి, రిమోట్ పనిచేసే రెండో తాళాన్ని ఈ తేదీలోగా మా ఖర్చుతో ఇస్తాము. ఇవ్వకపోతే కొనుగోలుదారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవచ్చు. ఆ బిల్లు ఆపి ఉంచిన డబ్బులోంచి మినహాయించుకుంటారు, ఎక్కువైతే మేము చెల్లిస్తాము." ఇందులో "ఇంజిను స్టార్టయ్యి" అన్న మాట వదలకండి. "రెండో తాళం ఇస్తాము" అని మాత్రమే ఉంటే, చిప్ లేని ఇనుప ముక్క కోయించి చేతిలో పెట్టినా మాట నిలబెట్టుకున్నట్టే అవుతుంది. ఆఫీసులో మా సహోద్యోగికి సరిగ్గా అదే జరిగింది.

బండిని లోన్ మీద తీసుకుంటుంటే ఈ దారి కుదరదు, బ్యాంకు డబ్బు నేరుగా డీలర్ ఖాతాలో పడిపోతుంది. మీరు చేతి నుంచి కట్టే మార్జిన్ డబ్బులోంచే ఆపుకోవాలి, లేదా మొదటి దారికే రావాలి.

ధర తగ్గించుకుని మనమే చేయించుకోవడం

తాళం నిజంగా పోయిందని తేలితే నాకు ఇదే నచ్చుతుంది. డీలర్ చేయిస్తే ఎక్కడ చవగ్గా అయితే అక్కడ చేయిస్తాడు. డబ్బు మన చేతిలో ఉంటే మనం ఎంచుకుంటాం. ఇక ఎంచుకోవాల్సింది కంపెనీ సర్వీస్ సెంటర్‌నా, బయట తాళాలు ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళనా అన్నదే.

కంపెనీ దగ్గర ఖర్చు ఎక్కువ, రోజులూ పడతాయి. ఛాసిస్ నంబరుని బట్టి తాళం ఆర్డర్ పెడతారు, చాలాచోట్ల డబ్బు మొత్తం ముందే కట్టించుకుంటారు. ఆర్సీ, ఆధార్ అడుగుతారు. తాళం పోయిందంటే పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు రసీదు అడిగేవాళ్ళూ ఉన్నారు. కానీ వచ్చే లాభం చిన్నది కాదు. చాలా మోడళ్ళలో కొత్త తాళం నమోదు చేసేటప్పుడు ఉన్న తాళాలన్నీ కలిపి మళ్ళీ నమోదు చేస్తారు. ఆ సమయంలో ఎదురుగా లేని తాళం బండి జ్ఞాపకంలోంచి తొలగిపోతుంది. అంటే ఎక్కడో ఉన్న ఆ పాత తాళంతో ఇకమీదట ఇంజిను స్టార్టవదు. బిల్లూ ఉంటుంది. ఆ బిల్లు విలువ ఇన్సూరెన్స్ దగ్గర తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది చూసుకోని చిక్కు ఒకటి: ఆర్సీ ఎవరి పేరున ఉందో వాళ్ళకే కంపెనీ తాళం ఇస్తుంది. బదిలీ పూర్తయ్యి ఆర్సీ మీ పేరున వచ్చేదాకా కొన్ని వారాలు పట్టవచ్చు. అన్నాళ్ళూ మీరు ఒక్క తాళంతోనే తిరగాలి. బదిలీకి ముందే కావాలంటే గుర్తింపు ఉన్న డీలరో, పాత యజమాని ఉత్తరమో కావాలి. అందుకే కంపెనీ తాళం కోరుకునేవాళ్ళు ఆర్డర్ డీలర్ చేతనే డెలివరీకి ముందు పెట్టించి, రసీదు తమ దగ్గర ఉంచుకోవడం మేలు.

బయట చేసేవాళ్ళలోనూ చాలా మంచి పనివాళ్ళున్నారు. గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల ల్యాప్‌టాప్, స్కానర్ పెట్టుకుని గంటలో చిప్ తాళం చేసి, మీ ముందే బండి స్టార్ట్ చేసి చూపించేవాళ్ళని చూశాను. ఇంటికొచ్చి చేసేవాళ్ళూ ఉన్నారు. ఖర్చు కంపెనీలో అయ్యేదానికి సగమో, ఇంకా తక్కువో ఉంటుంది. అయితే వాళ్ళు చేసేది రెండు రకాలు. ఒకటి క్లోనింగ్: ఉన్న చిప్‌లోని కోడ్‌నే కొత్త చిప్‌లోకి దించడం. బండికి రెండు తాళాలూ ఒకటిగానే కనిపిస్తాయి. పాత, పోయిన తాళం అలాగే పనిచేస్తూ ఉంటుంది. రెండోది ప్రోగ్రామింగ్: బండి పోర్టుకి స్కానర్ తగిలించి కొత్త తాళాన్ని విడిగా నమోదు చేయడం. అప్పుడు పాతదాన్ని తీసేయమని అడగవచ్చు. ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చాలా బండ్లలో స్కానర్ మీదే కనిపిస్తుంది, అది చూపించమనండి. చేసే మనిషి "క్లోనింగా, ప్రోగ్రామింగా" అన్న ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. రసీదు ఇవ్వననేవాళ్ళ చేతికి, ఎంత చవకైనా, నా బండి తాళం నేనివ్వను. బండి తాళం నకలు ఎవరి దగ్గరుందో తెలియకపోవడమే కదా మనం వదిలించుకోవాలనుకుంటున్న బాధ.

పదేళ్ళు దాటిన బండి, మామూలు చిప్ తాళం, పోయినది ఎక్కడో ఇంట్లోనే పడి ఉంటుందని నమ్మకం: బయట చేయించండి, డబ్బు మిగులుతుంది. అయిదేళ్ళ లోపు బండి, స్మార్ట్ కీ, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు: కంపెనీకే వెళ్ళండి. స్మార్ట్ కీకి బయట దొరికే నకిలీ ఫాబ్‌లు (జేబులో పెట్టుకునే ఆ రిమోట్ ముక్కలు) కొన్ని నెలల్లోనే మొండికేసిన సందర్భాలు నాకు తెలిసినవే మూడున్నాయి.

లాక్ సెట్ మార్చేయడం

తాళాన్ని బండి జ్ఞాపకంలోంచి తీసేసినా, దాని ఇనుప భాగంతో తలుపు, డిక్కీ తెరుచుకుంటూనే ఉంటాయి. బండి పోదు, లోపలున్న సామాను పోవచ్చు. దాన్ని కూడా ఆపాలంటే తలుపుల లాకులు, ఇగ్నిషన్ అన్నీ కలిపి సెట్‌గా మార్చాలి. ఖర్చు బాగా ఎక్కువ. సీజింగ్ బండ్లకి, ట్రావెల్స్‌లో తిరిగినవాటికి, రాత్రుళ్ళు వీధిలోనే నిలిపి ఉంచే బండికి ఇది ఆలోచించదగ్గది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కళ్ళ ముందు ఉండే బండికి నేనైతే చేయించను.

ఇన్సూరెన్స్ దగ్గర ఈ తాళం ఎంత బరువో

బండి దొంగతనానికి గురై క్లెయిమ్ పెట్టుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీ ఎఫ్ఐఆర్, ఆర్సీ, బండి ఆచూకీ దొరకలేదని పోలీసులిచ్చే రిపోర్టుతో పాటు ఒరిజినల్ తాళాలన్నీ అప్పగించమంటుంది. రెండు ఇవ్వాల్సిన చోట ఒకటే ఇస్తే మొదటి ప్రశ్న: రెండోది బండిలోనే వదిలేశారా? వదిలేశారని అనుమానిస్తే నిర్లక్ష్యం కిందికి తెచ్చి క్లెయిమ్‌ని తిరస్కరించడానికో, మొత్తం తగ్గించడానికో చూస్తారు. లక్షల క్లెయిమ్ ఒక తాళం దగ్గర ఆగిపోతుంది.

దీనికి మందు కాగితమే. ఒక్క తాళంతోనే బండి ఇచ్చామని డీలర్ రాసిన డెలివరీ నోట్, కొత్త తాళం చేయించిన బిల్లు, పాత తాళం తొలగించినట్టు సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు మీద రాసిన మాట, ఈ మూడూ కలిపి ఒక ఫైల్లో పెట్టండి. పాలసీ మీ పేరున మార్చుకునేటప్పుడే ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ చేసేయండి. దొంగతనం జరిగాక చెప్పే మాట కంటే ముందే చెప్పిన మాటని నమ్ముతారు.

పాలసీ మార్పు గురించి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళు 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. దానంతటదే మీకు బదిలీ అయ్యేది థర్డ్ పార్టీ భాగం మాత్రమే. దొంగతనానికి డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ భాగం మీ పేరున మారేదాకా మీకు వర్తించదు. బయట ఒక తాళం తిరుగుతున్న బండిని ఈ రక్షణ లేకుండా రోడ్డు మీద ఉంచకండి. కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్ ఆన్ కవర్ ఉంటుంది, తీసుకోవడం మంచిదే. కానీ అది పాలసీ మొదలయ్యాక పోయిన తాళానికి. కొనేటప్పుడే లేని తాళానికి దానితో డబ్బు రాదు.

వదిలేసి రావడం

మాట మార్చే డీలర్, హైపోథికేషన్ తీరని బండి, ఫారం 29సీ చూపించని చోటు: ఈ మూడిట్లో ఏ రెండు కలిసినా లేచి వచ్చేయండి. బయానా ఇచ్చేసి ఉంటే అది పోతుందేమోనన్న బెంగతో మిగతా లక్షలు కట్టకండి. మా పిన్నికి ఎంవీపీ కాలనీలో ఒక బండి బాగా నచ్చింది. బటన్ స్టార్ట్, నాలుగేళ్ళ బండి, ధర మార్కెట్ కంటే చాలా తక్కువ. తాళం ఎక్కడని అడిగితే అరగంటలో మూడు జవాబులొచ్చాయి. "ఇంత మంచి బండి మళ్ళీ దొరకదురా" అని పిన్ని దారంతా బాధపడింది. నెలన్నర తర్వాత మధురవాడలో అదే మోడల్, రెండు తాళాలతో, పాత యజమాని రాసిపెట్టుకున్న సర్వీసు పుస్తకంతో సహా దొరికింది. ముప్పై వేలు ఎక్కువైంది. ఆ ముప్పై వేలు సరైన ఖర్చేనని ఇప్పటికీ అంటాను.

రెండో తాళం చేతికొచ్చిన రోజు

ఇచ్చారు కదా అని జేబులో వేసుకోకండి. రెండు తాళాలనీ ఒకే రింగులో ఉంచి పరీక్షించకూడదు. పక్కనున్న తాళం చిప్‌ని బండి చదివేస్తే, చిప్ లేని తాళం కూడా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. మొదటి తాళాన్ని దూరంగా ఎవరి చేతికైనా ఇచ్చి పంపండి. స్మార్ట్ కీ అయితే కనీసం వీధి చివరిదాకా వెళ్ళాలి. అప్పుడు రెండోదానితో తలుపు తెరవండి, స్టార్ట్ చేయండి, ఒక నిమిషం నడవనివ్వండి, ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి. రిమోట్ బటన్లన్నీ నొక్కి చూడండి. స్మార్ట్ కీ లోపల దాచి ఉండే చిన్న ఇనుప తాళాన్ని బయటికి లాగి డ్రైవర్ తలుపులో తిప్పి చూడండి. నకిలీ ఫాబ్‌లలో ఆ ఇనుప ముక్కని అసలు కోయకుండానే ఇచ్చేస్తుంటారు.

ఒరిజినల్ తాళాలతో పాటు నంబరు చెక్కిన చిన్న ట్యాగ్ ఒకటి కొత్త బండికి ఇస్తారు. పాత యజమాని దగ్గర ఉందేమో అడగండి. ఆ నంబరుంటే రేపెప్పుడైనా తాళం కోయించడం తేలికవుతుంది. దొరికితే ట్యాగ్‌ని తాళంతో కలిపి తగిలించకండి, ఇంట్లో కాగితాలతో ఉంచండి.

రెండో తాళాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతే బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో తెలియదు. మన సముద్రపు గాలికి రిమోట్ లోపలి రేకులు చిలుం పట్టడం కూడా చూశాను. నెలకొకసారి దానితోనే బండి తీయండి. స్మార్ట్ కీ బ్యాటరీ అయిపోయినా చాలా బండ్లలో ఫాబ్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే ఇంజిను అందుకుంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఆ పేజీ ఇంట్లో నడిపేవాళ్ళందరికీ చూపించండి.

డీలర్ మాట తప్పితే

రాతపూర్వకంగా ఉన్న మాటని తప్పితే ముందు వాట్సాప్‌లో, తర్వాత స్పీడ్ పోస్టులో గడువు పెట్టి అడగండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. విశాఖలో ఉంది, ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు వేయవచ్చు. బండికి కట్టిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోగా వేయాలి. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. నేను వేయలేకపోయాను, ఎందుకంటే "వారంలో వచ్చేస్తాది" అన్న మాట తప్ప నా దగ్గర ఏ కాగితమూ లేదు. అడిగి ఉంటే ఆ రోజు ఆ డీలర్ రాసిచ్చేవాడేమో కూడా. డబ్బు లెక్కపెట్టుకుంటున్న ఆ పది నిమిషాల్లో వాళ్ళు దేనికైనా సంతకం పెడతారు.